కాలు ఎవరిది?

కుట్టు గది, షాపు పై అంతస్తు
ఆదివారం మధ్యాహ్నం

బ్రేకు పిన్నికి,

ఇక్కడ అంతా క్షేమం అని మొదలుపెడదామనుకున్నాను. మొదటి మాటే అబద్ధం ఎందుకులే అని ఆపేశాను. ఫోన్ చేస్తే నువ్వు "ఎలా ఉన్నావే" అంటావు, నేను "బాగానే ఉన్నా" అంటాను, కథ కంచికి వెళ్ళిపోతుంది. పైగా మా షాపు టైలరు మాస్టారి గదికీ నా గదికీ మధ్య ఉన్నది ఒట్టి చెక్క. నేను తుమ్మితే అటు నుంచి ఆయన "చిరంజీవ" అంటారు. అందుకని ఉత్తరం రాస్తున్నాను.

నా నొప్పికి పేరు దొరికింది పిన్నీ. ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల ఉండే పొరలాంటిది బయట కూడా, అండాశయం మీదా పేగుల పక్కనా పెరుగుతుందట. నెలనెలా అదీ వాచి రక్తం కారుస్తుంది, కానీ ఆ రక్తానికి బయటికి దారి ఉండదు. మా డాక్టరమ్మ బొమ్మ గీసి చెబుతుంటే, "అంటే కోటు లైనింగు బయటికొచ్చి పక్క బట్టకి అతుక్కుపోయిందన్నమాట" అన్నాను. ఆవిడ పెన్ను ఆపి, "రేపటి నుంచి నేనూ ఇలాగే చెప్తాను" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియక బయటికొచ్చి ఐస్‌క్రీమ్ తిన్నాను. ఆరేళ్ళ నుంచి తిరుగుతున్నాను కదా. మొదటి డాక్టరు "అందరికీ ఉండేదే, ఓర్చుకో" అంది. రెండో ఆవిడ "పెళ్ళి చేసుకో, పోతుంది" అంది. రోజుకి ఎన్నిసార్లు, తిండికి ముందా తర్వాతా అని మాత్రం రాసివ్వలేదు. ఇద్దరూ ఆడవాళ్ళే.

ఇప్పుడు అండాశయం మీద గడ్డ ఉంది. చిన్న చిన్న కన్నాలు పెట్టి చేసే ఆపరేషన్ కావాలి, రెండు నెలలు దాటనివ్వద్దు అంది. ఈ జబ్బు బాగా తెలిసిన సర్జన్లు ఇద్దరే ఉన్నారట, ఇద్దరూ మీ ఊళ్ళోనే. ఒకరు ఆవిడ, ఒకరు ఆయన. "ఇద్దరి చేతులూ మంచివే, ఎవరో నువ్వే తేల్చుకో" అంది.

తేల్చుకోవడం నా వల్ల కావడం లేదు. మగాయన అంటే సిగ్గుగా ఉంది. రోజూ మగవాళ్ళ నడుము కొలిచేదానివి నీకు సిగ్గేమిటే అనకు. కొలవడం వేరు, కొలవబడటం వేరు. కానీ ఒకటి చెప్తున్నా, మళ్ళీ ఎవరైనా నాతో "ఓర్చుకో" అంటే ఇక ఏ డాక్టరు గడపా తొక్కను. పోయిన నెల నొప్పికి కటింగ్ బల్ల కింద ముడుచుకుని పడుకుంటే, మాస్టారు బట్టల మూట అనుకుని కాలితో పక్కకి తోశారు. పాపం, ఆ రోజంతా నా మొహం చూడలేకపోయారు.

బట్ట కొనేముందు చేత్తో పట్టి చూడాలి. నేను దూరాన ఉన్నాను. నా బదులు నువ్వు వెళ్ళి ఇద్దర్నీ చూసిరా. అమ్మకి ఇంకా చెప్పలేదు.

నీ సూదిపిల్ల

*

డ్రైవింగ్ స్కూలు కారు, నేర్పేవాళ్ళ సీటు
లెర్నరు ఇంకా రాలేదు

సూదిపిల్లా,

దీనికి నన్ను పంపడం దేనికే? ఆడ డాక్టరు. అంతే, అయిపోయింది. నొప్పి అంటే ఏమిటో ఒంటికి తెలిసినవాళ్ళకి చెప్పుకోవాలి గానీ, పుస్తకంలో చదివినాయనకి చెప్పుకుంటామా? ఒడ్డున కూర్చుని ఈత నేర్పినట్టుంటుంది. నీకు "ఓర్చుకో" అన్నవాళ్ళు ఇద్దరూ ఆడవాళ్ళే అన్నావు. చూశాను. ఆ ముక్క చదవనట్టు ఊరుకున్నాను.

ఉత్తరం చదివి ఏడ్చాను కూడా. కారు పక్కన ఆపి ఏడ్చాను, కంగారుపడకు. నడిపేటప్పుడు ఏడవకూడదని నేనే కదా అందరికీ చెప్తాను.

ఇవాళ ఇంకో ఘనకార్యం జరిగింది. నా వేడినీళ్ళ సంచి కారిపోయి సీటంతా తడిసింది. స్టీరింగ్ ముందు రిటైరైన బ్యాంకు మేనేజరు ఉన్నాడు. తన డ్రైవింగుకి భయపడి నేను ఏదో చేసేశాననుకున్నాడు మహానుభావుడు. మర్యాదగా మొహం తిప్పుకుని పక్క కిటికీలోంచి చూస్తున్నాడు. "అయ్యా, రోడ్డు చూడండి, రోడ్డు!" అని అరిచి బ్రేకు తొక్కాను. దిగేటప్పుడు "ఏం పర్లేదమ్మా, మా ఆవిడక్కూడా నేనంటే భయమే" అని ఓదార్చి వెళ్ళాడు.

సంచి ఎందుకంటావా? నడుముకి. ఈ సీటు పాతది.

మీ అమ్మకి నేను చెప్తాను. తను ఏడిస్తే ఆపడం నాకు అలవాటే.

బ్రేకు పిన్ని

*

కుట్టు గది
వాన పడుతూనే ఉంది

పిన్నీ,

ఈ పార్సెల్లో సంచికి కొత్త తొడుగు ఉంది. లోపల ఫ్లానెల్, పైన సూటు బట్ట. ఇక కారినా మేనేజరుగారి దాకా రాదు.

నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నాకు తెలుసు. అయినా ఇది చదువు. మొన్న ఒక పెద్దమనిషి కూతురి పెళ్ళికి సూటు కుట్టించుకోవడానికి వచ్చాడు. టేపు పట్టుకుని నేను రాగానే రెండడుగులు వెనక్కి వేసి "మగవాళ్ళెవరూ లేరా?" అన్నాడు. మాస్టారికి చేతులు వణకడం మొదలైంది, ఇప్పుడు కొలతలన్నీ నేనే తీస్తున్నానని నీకు తెలుసుగా. ఆ మాట బయటికి చెప్పలేక ఆయన నీళ్ళు నములుతున్నారు.

మా షాపులో పద్ధతి ఒకటుంది. టేపు ఎక్కడ పెడతామో ముందు నోటితో చెప్పాలి, ఆయన "ఊ" అన్నాకే పెట్టాలి. ప్యాంటు లోపలి పొడవు తీసేటప్పుడు టేపు పై కొస కస్టమర్ చేతికే ఇస్తాం. పైన ఆయనే పట్టుకుంటాడు, కింద మడమ దగ్గర అంకె మాత్రం మేం చూసుకుంటాం. ఆ పెద్దమనిషికి అలాగే కొస అందించాను. కాసేపు దాన్ని పాములా చూసి, తర్వాత పట్టుకున్నాడు. పోయేటప్పుడు "మా తమ్ముణ్ణి కూడా పంపుతానమ్మా" అన్నాడు.

ఆ రాత్రి పడుకుంటే నాకే నవ్వొచ్చింది. "మగవాళ్ళెవరూ లేరా" అన్నందుకు నాకు ఎంత కోపం వచ్చిందో, నేనూ ఇక్కడ కూర్చుని అదే పాట పాడుతున్నాను. అందుకని ఇద్దర్నీ చూడు. మనిషి ఎలా ముట్టుకుంటారో, ముట్టుకునేముందు ఏం చెప్తారో అది చూసిరా.

సూదిపిల్ల

*

ఇల్లు, వంటింటి బల్ల
శనివారం, మీ బాబాయి కూరగాయలకి వెళ్ళారు

సూదిపిల్లా,

గూఢచారి నివేదిక ఇదిగో.

ముందు ఆవిడ. మా అక్క కూతురి తరఫున వచ్చానని చెప్పి వెళ్ళాను. గది నిండా మనుషులు, లోపల ఆవిడ గొంతు బయటికి వినబడుతోంది. పేషెంట్లని తిడుతుంది, నవ్విస్తుంది, మనం మాట మొదలుపెడితే మిగతాది తనే పూర్తిచేస్తుంది. ఒక్కోసారి మనం అనబోయేదానికంటే బాగా పూర్తిచేస్తుంది. నాకు భలే నచ్చింది. కానీ నీ సంగతి సగం చెప్పానో లేదో చెయ్యి అడ్డం పెట్టింది. "నొప్పి ఉన్నవాళ్ళని రమ్మనండి. ఒకరి నొప్పి ఇంకొకరు చెబితే నేను వినను" అని పంపించేసింది. నోరు మూసుకుని వచ్చేశాను. నా నోరు మూయించిన మనిషిని మీ అమ్మమ్మ తర్వాత ఈవిణ్ణే చూశాను.

దాంతో రెండోచోట బుద్ధి తెచ్చుకున్నాను. నొప్పి ఉన్నది నాకేనని చెప్పి వెళ్ళాను. నవ్వకు. నువ్వు నాకు చెప్పినవన్నీ దారిలో వల్లెవేసుకున్నాను.

ఆయనకి నడివయసు, బట్టతల, గొంతు మెల్లగా ఉంటుంది. ఒక నర్సు మొదటి నుంచీ చివరిదాకా గదిలోనే ఉంది. ఆయన కంప్యూటరు వైపు చూడకుండా నా వైపు చూసి అడిగాడు, "నొప్పి ఉన్న రోజుల్లో మీరు మానేసిన పనులేమిటి?" అని. ఏం ప్రశ్నే అది! అందరూ నొప్పి ఎక్కడ అని అడుగుతారు. నేను పాత్రలో లీనమైపోయి గడగడా చెప్పేశాను. కడుపులో మెలిపెట్టడం, నడుము పట్టేయడం, ఎడమ కాలు తుంటి నుంచి కిందిదాకా లాగడం, ఎక్కువసేపు కూర్చోలేకపోవడం, అన్నీ. ఎన్నేళ్ళ నుంచి అంటే ఇరవై దాటాయన్నాను, నా వయసుకి తగ్గట్టు ఉండాలి కదా మరి. ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నేను ఆగితే కాసేపు ఊరుకుని "ఇంకా?" అన్నాడు.

తర్వాత, "పరీక్ష చేయాలి. ఎక్కడ చెయ్యి వేస్తానో ముందు చెప్తాను, మీరు సరే అంటేనే వేస్తాను. వద్దంటే మధ్యలో ఆపేస్తాను. ఇవాళ వద్దనుకుంటే మాటలతో సరిపెడదాం" అన్నాడు. నేను లేచి, కారు నో పార్కింగులో పెట్టానని చెప్పి పరుగు లంకించుకున్నాను. డ్రైవింగ్ నేర్పేదాన్ని, నో పార్కింగా! నా పరువు గంగలో కలిసింది.

మొత్తానికి మగాయనైనా మంచివాడే. ఆవిడ కూడా మంచిదే. కొండని తవ్వి ఎలుకని పట్టినట్టు ఇదీ నా తీర్పు. నువ్వే తేల్చుకో.

తొడుగు అందింది. ఇంత మంచి బట్ట దానికెందుకే, మీ బాబాయికి వెయిస్ట్‌కోటు అయ్యేది.

పిన్ని

*

కుట్టు గది
ఉత్తరం అందిన రోజే

పిన్నీ,

రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుతూ చదివాను.

నాకు కాలు లాగదు. నీకు నేను చెప్పినవి కడుపూ నడుమూ వాంతులూను. వాంతుల మాట నువ్వు ఆయనకి చెప్పనేలేదు. వయసుకి తగ్గట్టు ఏళ్ళు పెంచావు, సరే, ఒప్పుకుంటాను. కానీ కాలు?

కొలత గాల్లోంచి రాదు పిన్నీ. ఎవరో ఒకరి ఒంటి మీద నుంచే వస్తుంది.

కాలు ఎవరిది?

సూదిపిల్ల

*

డ్రైవింగ్ స్కూలు కారు
హడావిడిగా

సూదిపిల్లా,

ఇక్కడ వానలు తగ్గాయి, ఎండ బాగా కాస్తోంది. బ్యాంకు మేనేజరు రివర్సులో పూలకుండీని గుద్దాడు, మనిషికి ఏం కాలేదు, కుండీకి అయింది. మీ అమ్మకి చెప్పాను, ఊహించినంతసేపు ఏడవలేదు. నీకోసం మా ముందు గది సర్దాను, మంచం కిటికీ పక్కకి జరిపాం. తారీకు తేల్చి రాయి.

ఏదో నోటికొచ్చింది చెప్పాను, ఆ కాలూ గీలూ.

పిన్ని

*

కుట్టు గది
ఆదివారం

పిన్నీ,

కాలు ఎవరిదంటే ఎండ బాగుందని రాశావు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం.

సరే, నా సంగతి తేల్చాను. ఆయన దగ్గరే చేయించుకుంటాను. నా మాటని ఇంకెవరైనా పూర్తిచేస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఆరేళ్ళ నుంచీ నా మాటని అందరూ పూర్తిచేస్తూనే ఉన్నారు. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఆయన "ఇంకా?" అని ఆగుతాడు. చెయ్యి వేసేముందు చెప్తాడు. పిన్నీ, ఆయన నీ చేతికి టేపు కొస ఇచ్చాడు, నువ్వు దాన్ని పారేసి పరిగెత్తావు.

సిగ్గు పోయిందా అంటే పోలేదు. సిగ్గుతోనే వస్తాను. ఫోన్ చేసి తారీకు తీసుకున్నాను, వచ్చే నెల మొదటి వారం. మాస్టారికి చెక్క అవతలి నుంచి అంతా వినబడినట్టుంది. ఏమీ అడగలేదు గానీ, నా కుర్చీకి మెత్త కుట్టి పెట్టారు. వణికే చేతులతో కుట్టారు, అంచులు వంకరగా ఉన్నాయి. ఎవర్నీ ముట్టుకోనివ్వను దాన్ని.

సూదిపిల్ల

*

ఇల్లు
రాత్రి వంట అయ్యాక

సూదిపిల్లా,

రా. బండి దిగగానే నేనే ఉంటాను, ఇంజన్ ఆపకుండా. ఆపరేషన్ అయ్యాక నిన్ను స్పీడు బ్రేకర్ల మీద ఇంటిదాకా నెమ్మదిగా ఎలా తేవాలో ఇప్పుడే అభ్యాసం చేస్తున్నాను. మీ బాబాయి వెనక సీట్లో కూర్చుని పేషెంటులా మూలుగుతున్నారు.

నా సంగతి మాత్రం ఎత్తకు. నీ ఆపరేషన్ నీదే, అందులో నాకు వాటా వద్దు.

పిన్ని

*

కుట్టు గది, మాస్టారి మెత్త మీద
తిరిగొచ్చిన మర్నాడు

పిన్నీ,

క్షేమంగా చేరాను. ఈసారి అబద్ధం కాదు. కుట్లు ఎండాయి, మెట్లు ఎక్కితే కాస్త లాగుతుంది. మాస్టారు నన్ను చూసి కటింగ్ బల్ల కింద ఒకసారి వంగి చూశారు, అక్కడ ఎవరూ లేరని నిర్ధారించుకోవడానికి. ఇద్దరం చాలాసేపు నవ్వాం.

ఆపరేషన్ రోజు పొద్దున డాక్టరుగారు వచ్చి ఎక్కడెక్కడ కన్నాలు పెడతారో వేలితో గాల్లో చూపించారు. "సిగ్గుగా ఉంది డాక్టర్‌గారూ" అనేశాను. "ఉంటుందమ్మా, నేనూ టైలరు ముందు పొట్ట లోపలికి పీల్చుకుంటాను" అన్నారు. "మాకందరికీ తెలుసండీ ఆ సంగతి, పీల్చినా అంగుళం కలిపే రాసుకుంటాం" అన్నాను. మత్తు ఇచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను. జబ్బు మళ్ళీ రావచ్చట, మందులూ పరీక్షలూ మానకూడదట. అదీ నవ్వకుండా, దాచకుండా చెప్పారు. నా నొప్పిని "ఉంది" అన్న మనిషి దొరికాడు, నాకు అంతే చాలు.

మీ ఇంట్లో ఉన్నన్ని రోజులూ నిన్ను అడగలేదు. కానీ కిటికీ పక్క మంచం వేసింది నువ్వే. నువ్వు అడగకుండానే బాబాయి సంచిలో వేడినీళ్ళు పోసి కారులో పెట్టడం చూశాను. ఒక మూడు రోజులు లెర్నర్లందరికీ పార్కింగ్ పాఠమే పెట్టావు, నువ్వు మాత్రం కారులో కూర్చోకుండా బయట తలుపు పట్టుకుని నిలబడి కేకలు వేశావు. నిలబడటం ఎందుకో నాకు అర్థమైంది.

అయినా అడగను. టేపు పై కొస నీ చేతిలో పెడుతున్నాను పిన్నీ. పట్టుకున్నప్పుడు చెప్పు.

నీ సూదిపిల్ల

*

ఆవిడ ఆస్పత్రి ఎదురుగా, కారులో
సరైన పార్కింగులోనే

నా సూదిపిల్లా,

ఇప్పుడే బయటికొచ్చాను. మీ బాబాయి పక్క సీట్లో ఉన్నారు, కళ్ళు తుడుచుకుంటూ ఎండ ఎక్కువగా ఉందంటున్నారు. మబ్బు పట్టి ఉంది.

నీ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఆయన "ఇంకా?" అంటే నేను మళ్ళీ పరిగెత్తుతానని భయం. నాకు నన్ను తిట్టే మనిషి కావాలి, నోరు పెగలకపోతే మాట అందించే మనిషి కావాలి. అందుకని ఆవిడ దగ్గరికి వచ్చాను. నీకు ఆయన, నాకు ఆవిడ. ఆడ డాక్టరే మంచిదని నేను మొదటే అన్నానుగా, ఆ మాట నీకు కాకుండా నాకు పనికొచ్చింది.

ఆవిడకి నేను గుర్తున్నాను. "నొప్పి ఉన్నవాళ్ళని తీసుకురమ్మన్నానుగా, ఏరీ?" అంది. "వచ్చారండీ" అన్నాను. వెనక ఎవరైనా ఉన్నారేమో అని నా భుజం మీదుగా తలుపు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. అంత మాట్లాడే మనిషి, ఒక్క మాట అందించలేదే. అవసరమైనప్పుడు ఆగడం ఆవిడకీ తెలుసు. నేనే చెప్పాల్సి వచ్చింది.

చెప్పాను. మీ అమ్మమ్మ "మన ఇంటి ఆడవాళ్ళకి ఇంతే, పళ్ళ బిగువున ఉండాలి" అనేది, నేను ఉండిపోయాను. నాకు పిల్లలు ఎందుకు పుట్టలేదని ఊరంతా అడిగింది. నొప్పి ఉందా అని ఒక్కళ్ళూ అడగలేదు. అడగనిది నేనెందుకు చెప్పాలని పౌరుషం. మీ బాబాయి నీళ్ళు కాచి పోశారు గానీ, పాపం, ఆయనకీ ఏమని అడగాలో తెలియలేదు. ఇదంతా చెప్పి గట్టిగా ఏడ్చాను సూదిపిల్లా. ఆవిడ తన కుర్చీ ఈడ్చుకుని ఇటు పక్కకి వచ్చి కూర్చుంది.

పరీక్ష చేయించుకున్నాను. పరిగెత్తలేదు. నీ జబ్బే కావచ్చట, వచ్చే వారం స్కాను. తర్వాత మందో కోతో చెప్తుంది. "ఇన్నేళ్ళు దాచుకోవడానికి ఇదేమన్నా నగా?" అని తిట్టింది కూడా. తిట్టాక ఒళ్ళు తేలికైంది.

అన్నట్టు, ఈ నొప్పి గురించి ఇదివరకు ఏ డాక్టరుకైనా చెప్పారా అని అడిగింది. "చెప్పానండీ, ఒక్కసారి, మా అక్క కూతురి నొప్పి అనుకుని" అన్నాను. ఆవిడా నర్సూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను.

కొస పట్టుకున్నానే. రాసుకో. కాలు నాదే.

నీ పిన్ని